సగం పచ్చ

మల్కాపురంలో మా కిటికీ ఊచలు
పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ గుడ్డ నలుపు.
పోర్టు బొగ్గు. దానికి అలవాటు పడ్డాం.
అద్దాల పెట్టెలో ఆకు నల్లబడినప్పుడు కూడా
ముందు దాన్నే తిట్టాను.

అనుబియాస్.
పేరు నోటికి తిరగడానికి వారం పట్టింది.
మా ఆవిడకి మాత్రం అది రాయి మొక్క.
డాబాగార్డెన్స్ సందులో చేపల కొట్టు ఎల్లాజీ
రాతికి కుట్టుదారంతో కట్టి ఇచ్చాడు,
"నెలకో ఆకేస్తాది, తొందరపెట్టకు బావూ" అని.

తొందరపెట్టాను.
పన్నెండు గంటలు లైటు,
చేపలకి పిలిచినప్పుడల్లా మేత.
రెండో నెలకి అట్టు అంచు మాడినట్టు
ఆకు చివర గోధుమరంగు.
తర్వాత దాని మీద నల్లటి కుచ్చులు,
మూడ్రోజులు గీయని గడ్డంలా.

గీకడం నాకు కొత్త కాదు.
ముప్పై రెండేళ్ళు డ్రైడాకులో
ఓడల పొట్టల కింద వెల్లకిలా నిలబడి
గుల్లలు గీకిన చేతులివి.
ఇనుము మోగేదాకా గీకు అనేవాడు
మా మేస్త్రీ సూర్యలింగం.
మోగితే శుభ్రమైనట్టు.

నీళ్ళలో చెయ్యి పెట్టి
బొటనవేలి గోరుతో గీకాను.
ఆకు మోగలేదు.
నిలువునా చీలింది.

ఆ చీలిన సంగతి చెప్పకుండానే
మర్నాడు ఎల్లాజీ దగ్గరికెళ్ళాను.
అతను సీసాలో చేపపిల్లల్ని లెక్కపెడుతూ,
తలెత్తకుండా:
"ఎండెక్కువ పెట్టీసినావు.
జోరుగా ఎదిగే ఆకు మీద నాచు కూకోదు,
కూకుందామనుకునే లోపు అది పైకెళ్ళిపోతాది.
ఇదో, కదలదు. దీని మీదే కూకుంటాది.
పూర్తిగా మాడింది కోసీ.
సగం పచ్చగుంటే మాత్రం కొయ్యకు,
అదింకా డ్యూటీలోనే ఉంది."

ఆ మాటకి నేనేం అనలేదు.
రెండు చారల నత్తల్ని కొనుక్కుని
సింధియా బస్సెక్కాను,
ఒళ్ళో సంచి చల్లగా.

లైటు ఆరు గంటలకి తగ్గించాను.
రాయిని కర్రదుంగ చాటుకి జరిపాను.
కుళాయి నీళ్ళు రాత్రంతా బకెట్లో ఉంచి,
మందు వాసన పోయాక,
ఆదివారం ఆదివారం మూడో వంతు మార్చాను.
మేత రోజుకి చిటికెడు.
చేపలు అద్దం దగ్గరికొచ్చి చూస్తాయి,
ముఖం తిప్పుకుంటాను.

ఒక రోజు రాయిని బయటికి తీసి
గాయాలకు పోసే నురుగు మందుని
మనవరాలి బొమ్మల కుంచెతో
కుచ్చు కుచ్చుకీ అద్దాను.
బుస్సుమని పొంగింది.
వంద లెక్కపెట్టి, మంచినీళ్ళలో ముంచి, మళ్ళీ లోపల పెట్టాను.
నాలుగో రోజుకి నలుపు ఎర్రబడింది.
అచ్చం ఓడకి మేం ముందు పూత వేసే
రెడ్ ఆక్సైడ్ రంగు.
చచ్చే నాచుకి ఆ రంగెక్కడిదో!
చేపలు కొరుక్కు తినేశాయి.

ఇంకా ఉంది నాచు. పూర్తిగా పోదట.
నత్తలు వాటి పని అవి చేస్తాయి,
నేను చూస్తున్నంతసేపూ కదలవు,
టీ తాగి వచ్చేసరికి
ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి ఉంటాయి.

మొన్న అల్పపీడనం.
రెండు రోజులు కరెంటు లేదు,
యారాడ కొండ కనిపించలేదు,
గాలికి సముద్రం ఉప్పు కిటికీ బొగ్గుతో కలిసి
గోడ మీద కారింది.
మూడో రోజు లైటు వెలిగి చూస్తే
దుంప మీద, బీడీ అంత, చుట్ట చుట్టుకుని,
నిమ్మకాయ రంగులో ఒకటి.

"ఎప్పటికి విచ్చుకుంటాది?" మా ఆవిడ.
"నన్నడక్కు," అన్నాను.
నిజానికి రోజూ చూస్తున్నాను.

దాని పక్కనే నేను చీల్చిన ఆకు.
చీలిక కలవలేదు. కలవదు.
అటు ముక్క గోధుమరంగు, అంచున ఇంకా కాస్త గడ్డం.
ఇటు ముక్క పచ్చ.
కత్తెర రెండుసార్లు అక్కడిదాకా వెళ్ళింది.

షిప్‌యార్డు సైరన్ మోగింది.
లైటు ఆర్పాను.
కిటికీ గుడ్డ ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి.